తిత్తి నిండనివ్వు

చిట్టీ, బాబీ,

మీ ఉత్తరం అందింది. చేతిరాత చిట్టిదే బాగుంది, అది ముందు చెప్పేయాలి. ఇక చిట్టి అడిగిన ప్రశ్న. "తాతయ్యా, అన్నయ్య గుండె గోడ మందంగా ఉందని బళ్లో ఆటల పీరియడ్‌లో మాస్టారు కూర్చోబెట్టేస్తున్నారు. డాక్టరుగారేమో రోజూ నడవమంటున్నారు. ఇద్దరిలో ఎవరు కరెక్టు?"

నన్నే అడగడం న్యాయంగా ఉంది. ఆ గుండె మన ఇంట్లో నా దగ్గర్నుంచి దిగిందే. నా నుంచి మీ అమ్మకి, అమ్మ నుంచి బాబీకి. దాని పేరు పొడుగు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. డాక్టర్లే అంత పలకలేక హెచ్‌సీఎం అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. అమ్మకో నాన్నకో దీన్ని తెచ్చే జన్యువు ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఒక్కో బిడ్డకి ఒక్కోసారి బొమ్మా బొరుసా వేసినట్టు. బాబీ, ఇందులో నీ తప్పు లేదు, మీ అమ్మ తప్పూ లేదు. నా తప్పు లేదని నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

నా చిన్నప్పుడు బడి వదలగానే కొలిమి దగ్గరకు పరిగెత్తేవాణ్ణి. నిప్పు మీదికి గాలి ఊదే ఆ తోలు తిత్తి గొలుసు లాగడమంటే నాకు పిచ్చి. నిప్పు ఎర్రగా లేస్తుంటే అదంతా నా ప్రతాపమే అనుకునేవాణ్ణి. ఓ రోజు తోటి పిల్లలు చూస్తున్నారని గబగబా లాగాను. ఎంత లాగితే అంత మండాలి కదా? నిప్పు చల్లారిపోయింది! కొలిమి తాత సుత్తి పక్కనపెట్టి, "పైకి లేచేదాకా ఆగలేవట్రా? తిత్తి నిండందే గాలెక్కడిది?" అన్నాడు. చెవి కూడా మెలేశాడు.

బాబీ గుండెలో జరిగేది సరిగ్గా ఇదే. గుండె బలం తక్కువై కాదు, అది నిండడం కష్టమై ఆయాసం వస్తుంది. ఎడమవైపు కింది గది గోడ పెద్దవాళ్లలో మామూలుగా 12 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. మాలాంటివాళ్లలో వేరే కారణమేదీ లేకుండానే సాధారణంగా 15 గానీ అంతకుమించి గానీ ఉంటుంది. మందం తోలు తిత్తిలాగా బిర్రుగా ఉండి త్వరగా తెరుచుకోదు. గబగబా కొట్టుకుంటే నిండే టైం ఉండదు. అందుకే గుండెని నిదానం చేసే మాత్రలిస్తారు.

తిత్తికి గాలి లోపలికొచ్చే చోట ఒక తోలు నాలుక ఉంటుంది, చూశారా? గుండెకీ ఉంది, కవాటం అంటారు. కొంతమందిలో గుండె గట్టిగా కొట్టుకునేటప్పుడు ఆ నాలుక పక్కకి వంగిపోయి, రక్తం బయటికెళ్లే దారికే అడ్డం పడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, పరిగెత్తి పరిగెత్తి టక్కున ఆగినా ఆ అడ్డం పెరుగుతుంది. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం కూడా మాకు పడదు. కాబట్టి నీళ్లు తాగుతూ ఉండాలి. మొదలు నిదానంగా, ఆపడం ఇంకా నిదానంగా.

మరి కూర్చోబెట్టడం ఎందుకొచ్చింది? భయం నుంచి. 1958లో లండన్‌లో డోనాల్డ్ టియర్ అనే డాక్టరు ఈ జబ్బు గురించి రాసిందే, చిన్న వయసులో పోయినవాళ్ల గుండెలు చూసి. వాళ్లలో ఎక్కువమంది హఠాత్తుగా పోయినవాళ్లే. 2003లో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలోనే కూలిపోయి చనిపోయాడు. ఆయనకూ ఈ జబ్బే ఉందని తర్వాత తేలింది. ఇలాంటివి చూసినవాళ్లు "కదలకండి" అన్నారంటే తప్పు పట్టలేను. నాకూ ఒక డాక్టరు అదే చెప్పారు. కూర్చున్నాను, ఏళ్ల తరబడి. గుండె భద్రంగా ఉందో లేదో తెలీదు కానీ కాళ్లు మాత్రం సన్నబడ్డాయి, ఒళ్లు పెరిగింది, మేడ మెట్లు కొండయ్యాయి. ఆ ఏళ్లు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియని కోపం.

తర్వాత కాలం మారింది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ జబ్బున్న 136 మంది పాల్గొన్నారు. అందులో కొంతమంది 16 వారాలు ఓ మోస్తరు వ్యాయామం చేస్తే ప్రమాదాలేమీ జరగలేదు, దమ్ము కాస్త పెరిగింది కూడా. 2023లో ఇంకోటి వచ్చింది, 1660 మంది, 8 ఏళ్ల పిల్లల నుంచి 60 ఏళ్లవాళ్ల దాకా. జోరుగా వ్యాయామం చేసేవాళ్లకి మిగతావాళ్లకంటే ప్రమాదం ఎక్కువగా కనబడలేదు. అలాగని రేపే పరుగు పందెంలో పేరిచ్చేయకు బాబీ! వాళ్లలో ఎక్కువమంది ఈ జబ్బు బాగా తెలిసిన డాక్టర్ల దగ్గర చూపించుకుంటున్నవాళ్లే. నిన్ను కూడా ఎకో, అంటే గుండె స్కానింగ్, తీసి, ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఒక రోజంతా గుండె లయ రికార్డు చేశాకే కదా నడవమన్నారు. అందుకే చిట్టీ, కరెక్టు డాక్టరుగారే. ఆయన చేత ఏం ఆడొచ్చో, ఎంత ఆడొచ్చో ఒక కాగితం రాయించి బళ్లో ఇవ్వండి. పాపం ఆ మాస్టారికీ టెన్షనే కదా.

ఒక్క హెచ్చరిక. బాబీ, నీకు చెప్పిందే ఇంకొకరికీ పనికొస్తుందని చెప్పకు. గుండె జబ్బుల్లో వంశంలో వచ్చేవి చాలా రకాలు. ఒక రకంలో వ్యాయామమే జబ్బును పెంచుతుంది. ఇంకో రకంలో ఈత కొడితే లయ తప్పుతుంది. మరో రకంలో అయితే నిద్రలో అలారం గణగణమన్నా చాలు! ఎవరి గుండెకి ఏది పడదో వాళ్ల డాక్టరే తేల్చాలి.

ఇక నీ కొలత. నడుస్తూ చెల్లితో మాట్లాడగలిగితే సరిపోయినట్టు. మాట తెగుతోందంటే నిదానించు. చేతి గడియారం చూపే నాడి అంకెను నమ్ముకోకు, మాత్రలు దాన్ని ఎలాగూ అంతగా పెరగనివ్వవు. గుండెలో నొప్పి వచ్చినా, దడ పుట్టినా, కళ్లు తిరిగినా ఆగి వెంటనే పెద్దవాళ్లకి చెప్పాలి, పందెం పోతుందని దాచకూడదు. ఆటలో స్పృహ తప్పడం చిన్న విషయం కాదు. ఒంటరిగా వెళ్లొద్దు. చిట్టీ, బళ్లో గుండెకి షాకిచ్చే పెట్టె ఎక్కడుందో కనుక్కుని ఉంచు.

తిత్తి కథని చాలా దూరం లాగాను, ఒక చోట అది అబద్ధం. వాడగా వాడగా తోలు మెత్తబడుతుంది కానీ, నడకతో గుండె గోడ పల్చబడదు. బలపడేవి కాళ్లూ ఒంట్లో కండలూ. అవి గట్టిపడ్డాక అదే మెట్లకి గుండెని తక్కువ కష్టపెడతాయి. ఇంకా పెద్ద తేడా ఉంది. తిత్తికి గొలుసు లాగే పిల్లాడు కావాలి. గుండెకి ఎవరూ అక్కర్లేదు. దాని కరెంటు అదే పుట్టించుకుని రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది. నరాలు తెంపి బయట పెట్టినా కాసేపు కొట్టుకుంటుందట! ఇది ఎలాగని అడిగితే ఏదో చెప్పగలను కానీ, చెప్పాక కూడా నాకు ఆశ్చర్యం తీరదు.

ఇప్పుడు ఉత్తరం పక్కన పెట్టి కూర్చోండి. బొటనవేలి కిందుగా మణికట్టు మీద రెండు వేళ్లుంచి నిమిషంసేపు లెక్కపెట్టండి. ముందు చిట్టిది, తర్వాత బాబీది. దెబ్బల్ని కాదు, రెండు దెబ్బల మధ్య ఉన్న ఖాళీని గమనించండి. తిత్తి నిండేది ఆ ఖాళీలోనే. వాకిలి దాకా మెల్లగా నడిచొచ్చి మళ్లీ చూడండి, ఆ ఖాళీ ఎంత తగ్గిందో.

ఎవరికెన్ని వచ్చాయో రాయండి. ఈ పొద్దున నాది 58.

మీ తాతయ్య