ఒంటికాలి మీద 868 హోమ్ రన్‌లు

పైకప్పు నుంచి దారానికి కట్టిన కాగితం ముక్క ఒకటి వేలాడుతోంది. ఎదురుగా ఇరవై రెండేళ్ల కుర్రాడు, చేతిలో నిజమైన సమురాయ్ కత్తి. పని చెప్పుకోవడానికి చిన్నదే, ఆ కాగితాన్ని ఒక్క వేటుతో తెగ్గొట్టాలి. కానీ బలంగా విసిరితే కాగితం తెగదు, పక్కకి ఊగి మళ్లీ వచ్చి అక్కడే వేలాడుతుంది. ఇంకా బలంగా విసిరితే ఇంకాస్త ఊగుతుంది, అంతే. కత్తి అంచు రవ్వంత పక్కకి తిరిగినా దానికంటే ముందు గాలి వెళ్లి కాగితాన్ని తోసేస్తుంది.

కుర్రాడు కత్తియుద్ధం చేసేవాడు కాదు, బేస్‌బాల్ ఆడేవాడు. పేరు సదహారు ఓ. ఇంటిపేరు ఒక్క అక్షరమే, దానికి అర్థం 'రాజు'. చైనా నుంచి వచ్చిన తండ్రి, జపాన్ తల్లి టోక్యోలో చిన్న నూడుల్స్ హోటల్ నడిపేవారు. 1957లో హైస్కూళ్ల జాతీయ టోర్నీలో పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, వేళ్లు పగిలి నెత్తురు కారుతున్నా ఆడి జట్టును గెలిపించాడు. ఆ పేరుతోనే 1959లో యోమియూరి జెయింట్స్ జట్టు తీసుకుంది. తీసుకున్నాక పిచింగ్ మానిపించి బ్యాట్ పట్టుకోమంది.

మొదటి 26 సార్లు బ్యాటింగ్‌కి దిగితే ఒక్క హిట్, అంటే ఔట్ కాకుండా మొదటి బేస్ దాకా చేర్చే దెబ్బ, లేదు. 27వ సారి మాత్రం ఏకంగా హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. అయినా ఆ ఏడాది మొత్తం మీద 7 హోమ్ రన్‌లు, 72 స్ట్రైకౌట్లు. స్ట్రైకౌట్‌ని, అంటే ఇచ్చిన మూడు అవకాశాల్లోనూ కొట్టలేక ఔటవడాన్ని, జపాన్‌లో 'సన్‌షిన్' అంటారు. జనానికి ఇంటిపేరు దొరికిపోయింది. అతను మైదానంలోకి రాగానే "ఓ, ఓ, సన్‌షిన్-ఓ" అని అరుపులు. స్ట్రైకౌట్ల రాజు! మూడో ఏడాది, 1961లో, 13 హోమ్ రన్‌లు. ఆ మరుసటి ఏడాది 38. అక్కడి నుంచి వరసగా 13 ఏళ్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్‌లు అతనివే.

ఒక్క ఏడాదిలో కండ పెరగలేదు. ఎత్తు 177 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలకు కాస్త తక్కువ. మరి ఆ దెబ్బకి బలం ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఢీకొనే ఆ క్షణం సంగతి చూద్దాం. బంతి బరువు 145 గ్రాములు, బ్యాట్ బరువు కిలోకి కొంచెం అటూ ఇటూ. రెండూ తాకి ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్తలోనే బంతి నొక్కుకుపోయి, వచ్చిన దారి మార్చుకుని, వెనక్కి దూసుకెళ్లాలి. బంతి ఎంత వేగంగా వస్తే అంత దూరం పోతుందని మనం అనుకుంటాం. అందులో నిజం కొంతే. లెక్క వేస్తే, వచ్చిన బంతి వేగంలో ఐదో వంతు మాత్రమే తిరిగి కలుస్తుంది. బ్యాట్ వేగం మాత్రం ఒకటికి 1.2 వంతున కలుస్తుంది. బంతి గంటకు 130 కిలోమీటర్ల వేగంతో బ్యాట్‌ను చేరిందనుకోండి, దాని వంతు 26. బ్యాట్ 112తో తిరిగితే దాని వంతు 134. మొత్తం 160. ఆ వేగంతో నేలకి 28 డిగ్రీల ఏటవాలులో లేస్తే, గాలే లేని చోట బంతి 160 మీటర్లు దాటి పడాలి. గాలి పట్టి లాగడం వల్ల 120 దగ్గర దిగుతుంది. చాలా మైదానాల్లో కంచె దాటడానికి అది చాలు.

అంటే కథంతా బ్యాట్ వేగంలోనే ఉంది. ఆ వేగం చేతుల్లో పుట్టదు. బస్సులో నిలబడి వెళ్తుంటే డ్రైవర్ సడన్ బ్రేక్ వేశాడనుకోండి. కాళ్లు ఆగిపోతాయి, నడుము పైభాగం ముందుకు విసురుగా పోతుంది. బ్యాటర్ ఆ పని కావాలని చేస్తాడు. ఒళ్లంతా ముందుకు కదిలిస్తాడు, ముందుకాలు నేలలో దిగేసి ఆపేస్తాడు. ఆగిన కదలిక నడుములోకి ఎక్కుతుంది. నడుము తిరిగి ఆగేలోపు భుజాలు, వాటి వెనక చేతులు, ఆఖరున బ్యాట్. కొరడా పిడి దగ్గర చేసిన చిన్న విదిలింపు కొసకి వెళ్లేసరికి పెళ్లున మోగినట్టే ఇదీ. వరసలో ఒక్కటి ముందు కదిలినా, ఒక్కటి ఆలస్యమైనా కొరడా కాస్తా తాడు అయిపోతుంది.

సదహారుకి వచ్చిన చిక్కు అక్కడే. బ్యాట్ ముందుకు రావాల్సిన సమయంలో అతని చేతులు ఒకసారి కిందికి జారి, వెనక్కి పోయి, అప్పుడు వచ్చేవి. చిన్న అలవాటే, కానీ దాని ఖరీదు చూడండి. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరికి 18.44 మీటర్లు. చెయ్యి చాచి ముందుకొచ్చి వదులుతాడు కాబట్టి ఇంకా తక్కువే. గంటకు 145 కిలోమీటర్ల బంతికి ఆ దూరం 0.4 సెకన్ల పని. అందులో బ్యాట్ తిప్పడానికే 0.15 పోతుంది. చూసి, ఏ బంతో పోల్చుకుని, కొట్టాలా వద్దా తేల్చుకోవడానికి మిగిలింది పావు సెకను. ఇక బంతి సెకనులో వెయ్యో వంతుకి 4 సెంటీమీటర్లు కదులుతుంది. సెకనులో నూరో వంతు ఆలస్యమైతే బంతి 40 సెంటీమీటర్లు లోపలికి వచ్చేసినట్టే. అప్పటికి బ్యాట్ పూర్తి వేగం అందుకునే ఉండదు.

కోచ్ హిరోషి అరకావా చూసింది దీన్నే. ఎంత చెప్పినా చేతులు జారడం మానలేదు. ఆఖరికి 1962 జూలై 1న, కవాసాకిలో మ్యాచ్ రోజున, చేతుల గురించి మాట్లాడటం మానేసి కాలు ఎత్తమన్నాడు. పిచర్ కదలడం మొదలుపెట్టగానే కుడికాలు మోకాలి దాకా మడిచి ఎత్తాలి, ఎడమకాలి మీద నిలబడాలి. ఒంటికాలి మీద ఉన్నవాడు చేతులు అనవసరంగా ఊపితే పడిపోతాడు. పడిపోతానన్న భయమే అలవాటుకి కళ్లెం వేసింది. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఈ మలుపే. ఆ రోజు మూడు హిట్లు, అందులో ఒకటి హోమ్ రన్.

జపాన్‌లో దీన్ని 'ఒంటికాలి దెబ్బ' అన్నారు, అమెరికా వాళ్లు ఫ్లమింగో అన్నారు. పులికాట్ సరస్సు దగ్గర ఒంటికాలి మీద గంటలకొద్దీ నిలబడే ఆ పక్షులను చూసినవాళ్లకి పోలిక సరిపోయినట్టే ఉంటుంది. కానీ లోపల జరిగేది పూర్తిగా వేరు. ఫ్లమింగో కాలు దాని ఒంటి బరువుకే కీళ్ల దగ్గర బిగుసుకుంటుంది. చచ్చిన పక్షిని కూడా అలా నిలబెట్టవచ్చని 2017లో అమెరికా పరిశోధకులు చూపించారు. దానికది విశ్రాంతి. మనిషికి అలాంటి సదుపాయం లేదు. చీలమండ, పిక్క, తుంటి కండరాలు క్షణక్షణం సర్దుకుంటూ ఉంటేనే నిలబడగలడు.

అందుకే అరకావా అతన్ని ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్పే మొరిహెయి ఉయెషిబా దగ్గరికి తీసుకెళ్లాడు. ఒంట్లోని శక్తంతా బొడ్డుకి కాస్త కింద ఉందనుకుని నిలబడమనేది అక్కడి పాఠం. వినడానికి వేదాంతంలా ఉన్నా, నిలబడిన మనిషి గరిమనాభి కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. అక్కడ నేర్చుకున్న ఇంకో మాట 'మా'. తెలుగులో ఎడం అనవచ్చు, చోటులోనూ కాలంలోనూ. ఎదుటివాడికీ నీకూ మధ్య ఉన్న ఎడాన్ని నీదిగా చేసుకోవాలి. ఆ తర్వాత కత్తి, కాగితం. రాత్రుళ్లు అరకావా ఇంట్లో బ్యాట్ తిప్పీ తిప్పీ అక్కడి తాతామి చాపలు అరిగిపోయేవి.

ఎదుటి జట్లు ఊరుకోలేదు. పిచర్లు మధ్యలో ఆగి, నెమ్మది బంతులు వేసి అతన్ని తూలిపోయేలా చేయాలని చూశారు. 1964లో హిరోషిమా జట్టు కంప్యూటర్‌తో లెక్కలు కట్టించి, అతను ఎక్కువగా కొట్టే కుడివైపుకే ఫీల్డర్లందరినీ జరిపింది. ఆ ఏడాదే అతను 55 హోమ్ రన్‌లు కొట్టాడు. కంచె అవతల పడే బంతిని ఏ ఫీల్డర్ ఆపగలడు?

1977 సెప్టెంబరు 3న 756వది కొట్టి, అమెరికాలో హ్యాంక్ ఆరన్ చేసిన 755ను దాటాడు. ఈ పోలిక మీద వాదన ఇప్పటికీ ఉంది. జపాన్ మైదానాలు చిన్నవి. కలపకి రెజిన్ పట్టించి గట్టిపరిచిన బ్యాట్లు అప్పట్లో అక్కడ వాడేవారు, 1981 నుంచి వాటిని నిషేధించారు. మరోవైపు జపాన్ సీజన్‌లో మ్యాచ్‌లూ తక్కువే. నా మటుకు నాకు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడంలో పెద్ద అర్థం కనిపించదు. 13 నుంచి 38కి ఎలా వెళ్లాడన్నదే అసలు ప్రశ్న.

కాలు ఎత్తడంలో మాత్రం మంత్రమేమీ లేదు. జపాన్ బేస్‌బాల్ ఆటగాడు షోహెయి ఒహ్‌తానీ 2018లో అమెరికా వెళ్లినప్పుడు కొత్త పిచర్ల వేగానికి టైమింగ్ తప్పింది. సీజన్ మొదలయ్యే ముందు కాలు ఎత్తడం పూర్తిగా మానేసి, మడమ కొంచెం లేపి దించడంతో సరిపెట్టుకున్నాడు. 2024లో 54 హోమ్ రన్‌లు కొట్టాడు. ఒకరికి కాలు ఎత్తితే కుదిరిన లయ ఇంకొకరికి దించితే కుదిరింది.

1980లో, నలభై ఏళ్ల వయసులో, సదహారు 30 హోమ్ రన్‌లు కొట్టాడు. మొత్తం 868. ఆ వయసులో ఎవరికైనా అది గొప్ప సీజనే, కానీ సగటు .236కి పడిపోయింది, అంటే వంద ప్రయత్నాలకు 24 హిట్లు కూడా లేవు. కంచె దాటించే బలం ఇంకా ఉంది, బంతి వచ్చే వేళకి బ్యాట్ చేరడమే తగ్గింది. సదహారు ఓ కొట్టాల్సినట్టు ఇక కొట్టలేకపోతున్నానని చెప్పి ఆ ఏడాదే ఆట మానేశాడు.