గోధుమకు సోకిన అగ్గి తెగులు

వరి పండించే తెలుగు రైతుకు అగ్గి తెగులు కొత్త కాదు. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలతో మొదలై, ఈనిక దశలో మెడవిరుపుగా మారి, గింజను తాలు చేసే ఆ తెగులుకు మూలమైన శిలీంధ్రంలోనే గోధుమను ఆశించే తెగ ఒకటుంది. 1985లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో అది తొలిసారి బయటపడింది. అంతకుముందు గడ్డి జాతులపై బతికిన ఈ శిలీంధ్రాన్ని చాలా గోధుమ రకాలు ఆర్‌డబ్ల్యుటీ3 అనే జన్యువు సాయంతో గుర్తించి అడ్డుకునేవి. ఆ జన్యువు లేని అనహువాక్ అనే వంగడాన్ని బ్రెజిల్‌లో విస్తారంగా సాగు చేయడంతో శిలీంధ్రానికి గోధుమలో స్థావరం దొరికిందని, ఆపైన అది తనను పట్టించే జన్యువును కోల్పోయి మిగతా రకాలనూ ఆశించిందని 2017లో వెలువడిన పరిశోధన వివరించింది.

శిలీంధ్రానికి విత్తనం లాంటి సిద్ధబీజం తడి ఆకుపై పడి మొలకెత్తాక దాని కొనలో గుమ్మటం ఆకారపు నల్లని కణం ఏర్పడుతుంది. అందులో గ్లిసరాల్ పేరుకుని, నీరు చొచ్చుకువచ్చి, పీడనం మామూలు వాతావరణ పీడనానికి 80 రెట్ల వరకు పెరుగుతుందని వరి తెగులుపై జరిగిన ప్రయోగాలు తేల్చాయి. కారు టైరులోని గాలి పీడనానికి ఇది ముప్ఫై రెట్లకు పైమాటే. ఆ బలంతోనే శిలీంధ్రం ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది. గోధుమలో అసలు నష్టం వెన్నుకే జరుగుతుంది: తెగులు సోకిన కణుపు నల్లబడుతుంది, దానికి పైభాగమంతా తెల్లగా పాలిపోతుంది, కింది భాగం మాత్రం పచ్చగానే ఉంటుంది. అది కంటపడేసరికి మందు చల్లే అదను చాలావరకు దాటిపోతుంది.

2016 ఫిబ్రవరిలో ఈ తెగులు బంగ్లాదేశ్‌లో ప్రత్యక్షమై, ఎనిమిది జిల్లాల్లో దాదాపు 15 వేల హెక్టార్ల పైరును దెబ్బతీసింది. అక్కడి శాస్త్రవేత్త తొఫజ్జల్ ఇస్లాం, బ్రిటన్‌లోని సెయిన్స్‌బరీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి తెగులు సోకిన ఆకుల నుంచి జన్యు సమాచారాన్ని రాబట్టారు. దాన్ని పత్రికలో అచ్చయ్యేదాకా దాచుకోకుండా వెంటనే అందరికీ అందుబాటులో ఉంచారు. ఈ ఉదంతంలో అన్నిటికంటే మెచ్చుకోదగిన పని అదేనని నా అభిప్రాయం, ఎందుకంటే వేర్వేరు దేశాల నిపుణులు ఆ సమాచారాన్ని పోల్చి చూసి, ఇది స్థానిక వరి తెగులు రూపాంతరం కాదని, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన తెగ అని కొద్ది వారాల్లోనే తేల్చగలిగారు. 2018లో జాంబియాలో కనిపించినదీ అదే వంశానికి చెందినది.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సరిహద్దు జిల్లాలైన నదియా, ముర్షిదాబాద్‌లలో గోధుమ సాగును కొన్నేళ్లు నిలిపివేయించింది. బంగ్లాదేశ్ 2017లో బారి గోమ్ 33 అనే తట్టుకునే వంగడాన్ని విడుదల చేసింది. అయితే దాని బలం 2ఎన్‌ఎస్ అనే ఒక్క క్రోమోజోము ముక్క మీదే ఆధారపడి ఉంది. ఒక అడవి గడ్డి నుంచి గోధుమకు సంక్రమించిన ఆ ముక్కకు లొంగని శిలీంధ్ర రకాలు దక్షిణ అమెరికాలో ఇప్పటికే ఉన్నాయి.

అందుకే ఆర్‌ఎంజీ8 అనే మరో జన్యువు వైపు దృష్టి మళ్లింది. బంగ్లాదేశ్, జాంబియాలకు చేరిన వంశాన్ని అది గుర్తించి అడ్డుకోగలదని 2023 నాటి అధ్యయనం చూపింది. అదే అధ్యయనంలో ఆందోళన కలిగించే అంశం మరొకటి ఉంది: జాంబియా నమూనా ఆఫ్రికాలో రాగి పైరును ఆశించే తెగతో ప్రయోగశాలలో సంకరం కాగలిగింది. పొలంలో అలాంటి సంకరం జరిగితే కొత్త జన్యు కలయికలు పుడతాయి కాబట్టి, 2ఎన్‌ఎస్‌ను, ఆర్‌ఎంజీ8ను ఒకే వంగడంలో చేర్చే పని ఆలస్యం కాకూడదు.