విశాఖలో కంప్యూటరుకు కాస్త వేడి మంచిదే

"సీపీయూ డబ్బా పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాను తిప్పితే చల్లగానే ఉంటోంది. ఇక కేసులో ఇన్ని ఫ్యాన్లూ జాలీలూ ఎందుకు మాస్టారూ?" అని ఎంవీపీ కాలనీ నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు అడిగాడు.

చల్లదనం వరకే చూస్తే అతను చెప్పింది చాలాసార్లు నిజం. ముందంతా అద్దం బిగించి, లోపల రంగు దీపాలు పెట్టి, గాలికి సన్నటి సందు వదిలే కేసులు ఇప్పుడు ఫ్యాషను. వాటికి మూత తీయడమే మందు. అసలు కావలసిన గాలి మరీ ఎక్కువేం కాదు. లోపల 300 వాట్లు వేడిగా మారుతుంటే, గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే సెకనుకు సుమారు 26 లీటర్లు ఆడాలి. ముందు రెండు, వెనక ఒకటి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లుంటే సరి. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి పైన ఫ్యాను ఉండి తీరాలని కొందరు వాస్తు చెప్పినట్టు చెబుతారు. అరమీటరు డబ్బాలో 10 డిగ్రీల తేడా పుట్టించే ఒత్తిడి 0.2 పాస్కల్ కూడా ఉండదు. మామూలు ఫ్యాను అంతకు ఎన్నో రెట్లు తోయగలదు. అది ఎటు తోస్తే గాలి అటే.

మన ఊళ్లో అసలు పేచీ ఉప్పుతో. కెరటాలు విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపర గాలిలో మైక్రాన్ల సైజులో తేలుతూ వస్తుంది, కేసు జాలీకి అది చిక్కదు. అయితే పొడిగా ఉన్నంతసేపూ ఉప్పు పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడు ఆ తేమను పీల్చి తనంతట తానే ద్రావణమైపోతుంది. విశాఖలో 75 దాటడం ఎంతసేపు!

ఇక్కడే నాకు ముచ్చటైన లెక్క. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు, 40 దగ్గర 51 గ్రాములు. గదిలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ (అంటే ఆ గరిష్ఠంలో 80 శాతం ఆవిరి) ఉందనుకోండి. అదే గాలి కేసులోకి వెళ్లి 40కి వేడెక్కితే, ఒక్క చుక్క నీరు తీయకుండానే తేమ 46 శాతానికి దిగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు 33 శాతానికే చెమ్మగిల్లుతుంది కాబట్టి పూర్తిగా ఎండదు గానీ, తడి బాగా తగ్గుతుంది.

అంటే నడుస్తున్న మెషీను కన్నా ఆపిన మెషీనుకే గండం. షట్‌డౌన్ చేశాక లోపలి సర్క్యూట్ బోర్డు చల్లారుతుంది, ఉప్పు మళ్లీ చెమ్మగిల్లుతుంది. గోడ స్విచ్చి ఆపకపోతే 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డు మీద అలాగే ఉంటుంది. ఉప్పునీరు, పక్కపక్కన చిప్పు తాలూకు రెండు లోహపు కాళ్లు, మధ్య వోల్టేజి: ల్యాబులో విద్యుద్విశ్లేషణకు ఇంతకన్నా ఏం ఇస్తారు? అయాన్లు కదిలి లోహం ఒక కాలి నుంచి కరిగి రెండోదాని మీద పేరుకుని, అక్కడి నుంచి మొదటిదానివైపు సన్నటి కొమ్మల్లా పెరుగుతుంది.

ఉప్పును బోర్డుకు అంటిపెట్టేది దుమ్ము. వన్‌టౌన్ వైపు పోర్టు నల్లదుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. మూత బిగించి, బయటికి తోసే దానికన్నా లోపలికి తోసే గాలి కాస్త ఎక్కువుంటే కేసు సందులన్నీ బయటికే ఊదుతాయి, దుమ్ము జాలీ దగ్గరే ఆగుతుంది. సందు దగ్గర అగరుబత్తి పెట్టి చూడండి, పొగ లోపలికి పోకూడదు. మూత తీస్తే ఈ ఏర్పాటంతా వృథా. దసరా ఆయుధపూజకు కేసు ముందువైపు జాలీ మీదే పసుపు కుంకుమ అద్దేవాళ్లున్నారు, ఫ్యాను దాన్ని నేరుగా లోపలికి పంపిస్తుంది. బొట్టు మూతకు పెట్టండి.

ఏసీ గదిలో ఇంకో చిక్కు. కరెంటు పోయి కిటికీలు తెరిస్తే, 22 డిగ్రీల దగ్గరున్న డబ్బా మీద మన బయటి గాలి నీరు కడుతుంది, ఎందుకంటే ఆ 30 డిగ్రీల, 80 శాతం తేమ గాలి 26 డిగ్రీల దగ్గరే చెమ్మ కట్టడం మొదలెడుతుంది. కరెంటు రాగానే మెషీను ఆన్ చేయకుండా, డబ్బా గది వేడికి వచ్చి పైన చెమ్మ ఆరేదాకా గోడ స్విచ్చి కూడా ఆపి ఉంచండి.