ఏ దీపమూ ఇవ్వని వెలుగు

వీడియో గేములో పాత్రను ఎంచుకునేటప్పుడు కనిపించే పోర్ట్రెయిట్‌ను కాసేపు ఆగి పరిశీలించండి. ఒక చెంప అంచున నీలి గీత, రెండో చెంప మీద నారింజ వెలుగు, రెండు కళ్లలోనూ చిన్న తెల్లని చుక్క. నీలి గీత రావాలంటే దీపం పాత్ర వెనుక ఉండాలి. నారింజ వెలుగుకు పక్కన మంట ఉండాలి. కంట్లో చుక్కకు ఎదురుగా మరో దీపం కావాలి. చూడబోతే ఆ బొమ్మ వెనుక వెన్నెల రాత్రి తప్ప ఏమీ ఉండదు. అయినా ఇన్ని దీపాలు ఎక్కడివన్న అనుమానం మనకు రాదు.

ఎందుకు రాదో తెలియాలంటే మన చూపు సంగతి తెలియాలి. 2005లో యూరీ ఒస్ట్రోవ్‌స్కీ, పాట్రిక్ కవానా, పవన్ సిన్హా అనే పరిశోధకులు ఒకే వైపు నుంచి వెలుగు పడుతున్న ఘనాల మధ్య, వేరే వైపు నుంచి వెలుగు పడే ఘనాన్ని ఒక్కటి ఉంచి, దాన్ని కనిపెట్టమని అడిగారు. అది చూడగానే పట్టుబడే తేడా కాదని తేలింది. మెదడు దృశ్యమంతటికీ ఒకే సూర్యుణ్ని ఊహించి లెక్కలు సరిచూడదు. ఒక్కో వస్తువు ఆకారాన్ని దాని మీది వెలుగునీడల నుంచే రాబట్టుకుని ముందుకు సాగిపోతుంది. చిత్రకారులు ఈ వెసులుబాటును శతాబ్దాలుగా వాడుకుంటున్నారు. వెలుగు పైనుంచే వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం మన చూపు అంత తేలిగ్గా వదలదు. నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో నీడ వేసిన వృత్తాలతో దీన్ని చూపించారు: పైభాగం వెలుగుగా ఉంటే ఉబ్బుగా కనిపించే వృత్తం, తలకిందులు చేస్తే గుంటగా కనిపిస్తుంది. గడ్డం కింద దీపం పెట్టిన ముఖం వింతగా, భయం గొలిపేలా అనిపించడంలో ఈ నమ్మకానికీ పాలు ఉంది.

గేములు తయారుచేసేవారు ఈ వెసులుబాటును సూత్రాల్లోకి దించారు. ఉపరితలం దీపం వైపు నుంచి పక్కకు తిరిగేకొద్దీ దాని మీద పడే వెలుగు ఎలా తగ్గుతుందో యోహాన్ లాంబర్ట్ 1760లోనే చెప్పాడు. ఎదురుగా ఉంటే పూర్తి వెలుగు, 60 డిగ్రీలు తిరిగితే సగం, 90 దగ్గర సున్నా. ఇది భౌతికశాస్త్రం. కానీ దీన్ని ఉన్నదున్నట్టు వాడితే ముఖంలో సగం నల్లటి మచ్చగా మిగిలిపోతుంది. అందుకే 1998 నాటి ‘హాఫ్-లైఫ్’ గేములో వచ్చిన విలువను సగం చేసి, దానికి అర కలిపారు. సున్నా రావలసిన చోట కూడా కొంత వెలుగు మిగిలింది. 2007లో ‘హాఫ్-లైఫ్’ తయారుచేసిన సంస్థే తెచ్చిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లో పాత్రల అంచులకు ప్రత్యేకంగా వెలుగు గీత చేర్చారు. చుట్టుపక్కల దీపం ఉన్నా లేకపోయినా, పైకి తిరిగి ఉన్న అంచుల మీద అది ఎక్కువగా పడుతుంది. దూరం నుంచి కూడా ఎదురుగా ఉన్న పాత్ర ఏదో ఆకారాన్ని బట్టి గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది. ఈ అబద్ధాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

చర్మం దగ్గర మాత్రం కథ మారుతుంది. చీకటి గదిలో ఫోను టార్చి వెలిగించి దాని మీద వేళ్లు మూసి పెట్టండి. వేళ్ల అంచులు ఎర్రగా వెలుగుతాయి. చర్మం మీద నిటారుగా పడిన కాంతిలో దాదాపు 3 శాతం మాత్రమే పైపొర నుంచి తిరిగి వస్తుంది. మిగిలింది లోపలికి పోతుంది. అక్కడ నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తం ఎక్కువగా పీల్చుకుంటే, ఎరుపు మరికొంత దూరం తిరిగి బయటపడుతుంది. హెన్రిక్ వాన్ జెన్సెన్ బృందం 2001లో ఈ ప్రయాణాన్ని కంప్యూటర్ వేగంగా లెక్కగట్టే పద్ధతి ఇచ్చాకే తెర మీది ముఖాలకు పాలరాతి బిగుతు పోయి జీవం వచ్చింది.

మన చామనచాయ ముఖాలకు సంబంధించిన విషయం ఇక్కడే ఉంది. లోపలికి వెళ్లిన కాంతిలో ఎంత తిరిగి వస్తుందో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నిర్ణయిస్తుంది. పైపొర మీది ఆ 3 శాతం మెరుపుకు మెలనిన్‌తో పనిలేదు. లోపలి నుంచి వచ్చేది తగ్గేకొద్దీ మొత్తం వెలుగులో ఈ మెరుపు వాటా పెరుగుతుంది. నల్లని ముఖంలో నుదురు, ముక్కు దూలం, చెంప ఎముకల తీరును మన కంటికి పట్టించేది ప్రధానంగా ఆ మెరుపే. తెల్లని ముఖానికి అమర్చిన దీపాలను అలాగే ఉంచి, చర్మం రంగును మాత్రమే ముదురు చేస్తే ఆ మెరుపు సరైన చోట పడకపోవచ్చు. చాలదని చుట్టూ వెలుగు పెంచితే ముఖం బూడిద పూసినట్టు చదునైపోతుంది. అది రంగు తప్పు కాదు, దీపాల అమరిక తప్పు. దిశ విషయంలో ఎన్ని అబద్ధాలైనా చెప్పవచ్చు గానీ, చర్మం వెలుగును అందుకునే తీరును తప్పుగా చూపితే ఆ ముఖం ఎవరిదో వారికే అన్యాయం జరుగుతుంది.

పాత్రను తయారుచేసే తెర మీది వెలుగు ఎంత ముఖ్యమో 2014 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’ ఆడినవారికి తెలుసు. అక్కడి ఆకుపచ్చ వెలుగులో ఎంచుకున్న చర్మం రంగు, ఆట మొదలయ్యాక వేరేగా కనిపించేది. అదే వరుసలో 2024లో వచ్చిన ‘ది వెయిల్‌గార్డ్’లో ముఖాన్ని రకరకాల వెలుగుల్లో చూసుకునే ఏర్పాటు పెట్టారు. ప్రతి గేములోనూ ఇది ఉండాలి. అంతవరకూ ముఖాన్ని పక్కకు తిప్పి చూడండి. ముఖం తిరిగేకొద్దీ నుదుటి మీద, ముక్కు దూలం మీద మెరుపు చర్మం పైన చోటు మారుతుంటే ఆ వెలుగు లెక్కగట్టినది. చర్మానికి అతికించినట్టు ఒకేచోట నిలిచి ఉంటే, దాన్ని ముందే బొమ్మలో గీసేశారన్నమాట. అలాంటి తెర మీద చర్మం రంగును ఖాయం చేసుకునే ముందు, ఆటలోని పగటి వెలుగులో పాత్ర ఎలా ఉందో ఒకసారి చూసి రావడం మంచిది.