రాతి దుమ్ముకు మాస్కు: పెట్టుకోమనే అధికారం ఎవరిది?

కరీంనగర్ గ్రానైట్ లాంటి రాయిని కోస్తున్నప్పుడు కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల దాకా చేరేది సుమారు 4 మైక్రాన్ల కన్నా సన్నటి రేణువు. అందులోని క్వార్ట్జ్ (రాయిలో ఉండే సిలికా ఖనిజం) అక్కడే పేరుకుని సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. గాలిలో ఈ సన్నటి దుమ్ము ఎంత వరకు ఉండవచ్చో 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్క కట్టింది: 10ని, క్వార్ట్జ్ శాతానికి 2 కలిపిన సంఖ్యతో భాగించాలి. పీల్చే దుమ్ములో క్వార్ట్జ్ 30 శాతం ఉంటే ఘనపు మీటరుకు 0.31 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు.

దీనికి కండువా, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పనికిరావు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 రకం వడపోత మాస్కు కనీసం 94 శాతం రేణువులను ఆపుతుంది. అదీ అంచులు ముఖానికి అతుక్కుంటేనే. ఒక పట్టీ తల వెనక పైన, రెండోది మెడ మీద ఉండాలి. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కాలి. తర్వాత రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదాలి. కళ్లవైపు గాలి తగిలితే అంచుల నుంచి గాలి కారుతున్నట్టే. గడ్డం ఉంటే ఎంత ఖరీదైన మాస్కైనా కారుతుంది. ఉతికితే వడపోత పాడవుతుంది. ఊపిరి బరువైతే మార్చేయాలి.

ఇక అధికారం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ (పనిచోట భద్రతకు కేంద్ర చట్టం) ప్రకారం మొదటి బాధ్యత యజమానిది. భద్రతకు ఇచ్చిన వస్తువుకు కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదు. ఇచ్చాక పెట్టుకోవడం కార్మికుడి విధి. తప్పితే జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది. అయితే ఆ జరిమానా చట్టం వేసేది. సూపర్‌వైజర్ అక్కడికక్కడ వందో రెండొందలో జీతంలోంచి కోసుకుంటే చెల్లదు. జీతంలో కోత ముందే ప్రకటించిన తప్పులకే, సంజాయిషీ విన్నాకే, ఆ కాలపు జీతంలో 3 శాతానికి మించకుండా ఉండాలి. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి యాజమాన్యం మాటగా మాస్కు లేనివారిని లోపలికి రాకుండా ఆపగలడు, అంతే.

కోవిడ్‌లో పోలీసులు మాస్కు లేనివారికి జరిమానా వేశారు కదా అంటారు. అది 2005 విపత్తు నిర్వహణ చట్టం కింది ఉత్తర్వుల బలం; కేంద్ర ఉత్తర్వుల గడువు 2022 మార్చి 31తో తీరింది. పైగా అది ముఖ్యంగా ఎదుటివారిని కాపాడే మాస్కు. రాతి దుమ్ము మాస్కు పెట్టుకున్నవాడినే కాపాడుతుంది.

సేఫ్టీ ఆఫీసర్ 500 మంది ఉన్న ఫ్యాక్టరీలో, ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మంది ఉన్నచోట తప్పనిసరి. కోత షెడ్లలో అంతమంది ఎక్కడుంటారు? అందుకే అసలు బలం ఆ కోడ్ కింద ప్రభుత్వం నియమించే ఇన్‌స్పెక్టర్‌దే. ఆయన లోపలికి వచ్చి దుమ్ము నమూనా తీయవచ్చు; ప్రాణాపాయం కనిపిస్తే రాతపూర్వకంగా పని ఆపించవచ్చు. ఆ ఉత్తర్వు 3 రోజులు ఉంటుంది, పై అధికారి పొడిగించవచ్చు. ఆపద ఉందని కార్మికుడు యజమానికి చెబుతూనే ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పవచ్చు. అప్పుడు యజమాని మాస్కు ఒక్కటే చూపిస్తే చాలదు. బ్లేడు మీద నీళ్లు పడుతున్నాయా, దుమ్ము లాగే ఫ్యాన్ తిరుగుతోందా అన్నది ముందు అడగాలి. ఆ రెండూ లేని షెడ్డులో మాస్కు పెట్టుకోలేదని కార్మికుడిని మాత్రమే తప్పుపట్టడం సబబు కాదు.