బోదె గట్టు మీద లెక్కల తరగతి: చేతులతో నేర్చే చదువుపై అపోహలు, వాస్తవాలు

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా లెక్కల టీచరూ నేనూ కలిసి కొన్నేళ్లుగా పిల్లలతో ఈనెపుల్లల వంతెనలు కట్టిస్తున్నాం, రేకు పడవలు చేయిస్తున్నాం, పంట బోదెల్లో (చేలకు నీరందించే చిన్న కాలువల్లో) పారే నీటిని కొలిపిస్తున్నాం. మొదలుపెట్టిన నాటి నుంచి కొన్ని మాటలు పదేపదే వింటున్నాను. అనేవాళ్లంతా పిల్లల మేలు కోరేవాళ్లే. అందుకే తీరిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: సైన్స్ ఫెయిర్‌కు మంచి మోడల్ చేస్తే ఇంజనీరింగ్ వచ్చేసినట్టే.

వాస్తవం: థర్మాకోల్ అట్ట మీద ఆనకట్ట, నీలం కాగితంతో గోదావరి, పక్కన వెలిగే రెండు చిన్న బల్బులు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ఆనకట్టకు నీళ్లు తగలవు. నీళ్లు తగలని ఆనకట్ట నిలుస్తుందో లేదో చేసిన పిల్లవాడికీ తెలియదు, బహుమతి ఇచ్చినవాళ్లకూ తెలియదు. ఏ వస్తువు ఎంత వాడాలో ఒక హద్దు, అది ఎంత తట్టుకుంటుందో ముందే రాసిన అంకె, ఆ అంకెను తేల్చే పరీక్ష ఉన్నప్పుడే అది ఇంజనీరింగ్ పని అవుతుంది. ఈ మూడింటిలో నేను ప్రాణంగా చూసుకునేది ముందే రాసిన అంకెను. అంచనా రాయని జట్టుకు బకెట్ ఇవ్వను.

వంతెన పని ఇలా సాగుతుంది. రెండు బల్లల మధ్య 40 సెంటీమీటర్ల ఖాళీ. జట్టుకు 60 కొబ్బరి ఈనెలు, పాత సైకిల్ ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు చుట్లు. జిగురు వాడకూడదు. వంతెన మధ్యలో చిన్న బకెట్ వేలాడదీసి, అందులో కొద్దికొద్దిగా ఇసుక పోస్తాం.

మొదటిసారి దాదాపు అన్ని జట్లూ నిచ్చెనలా చతురస్రాలు కట్టుకుంటూ పోతాయి. నాలుగు గుప్పిళ్ల ఇసుక పడగానే ఆ చతురస్రాలన్నీ ఒకే వైపుకు ఒరుగుతాయి. ఒక్క ఈనె కూడా విరగదు. పిల్లలను ఆశ్చర్యపరిచేది అదే. పుల్లల పొడవులు మారలేదు, ముడులు ఊడలేదు, అయినా ఆకారం మారిపోయింది. ఎవరో ఒకరు ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఇంకో ఈనె కడతారు. ఒరగడం ఆగిపోతుంది.

సరిగ్గా అప్పుడు మా లెక్కల టీచరు నల్లబల్ల దగ్గరకు వెళతారు. చతుర్భుజం గీయాలంటే నాలుగు భుజాల కొలతలు చాలవని, ఐదో కొలత కావాలని ఎనిమిదో తరగతిలో చెబుతాం. ఎందుకు చాలవని ఏ పిల్లవాడూ అడగడు, కంఠస్థం చేస్తాడు. ఇక్కడ ఆ ఐదో కొలత కళ్లెదుటే ఈనెపుల్లగా ఉంది. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఒక్కటే వస్తుందన్న భు-భు-భు నియమానికి అర్థం కూడా ఆ వంతెనలోనే దొరుకుతుంది. 1974 నుంచి వాడుకలో ఉన్న రాజమహేంద్రవరం రోడ్డు-రైలు వంతెన మీద రైల్లో వెళ్లిన పిల్లలు, కిటికీ పక్కన వరుసగా దాటిపోయే ఉక్కు త్రిభుజాలను గుర్తు చేసుకుంటారు. నేను చెప్పకముందే గుర్తు చేసుకుంటే ఆ రోజు నాకు పండగ.

అపోహ: దీనికి ఖరీదైన కిట్లు, ప్రత్యేకమైన ల్యాబు కావాలి.

వాస్తవం: 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. అది దక్కిన బడి అదృష్టం చేసుకున్నట్టే, దాన్ని చక్కగా వాడుకోవాలి. దక్కని బడికి ఈనెలు, వెదురు, కొబ్బరి చిప్పలు, సూది లేని కొత్త సిరంజీలు, గడియారం, కొలత టేపు, చిన్న తక్కెడ చాలు. వీటిలో డబ్బు పెట్టి తప్పనిసరిగా మంచిది కొనాల్సింది తక్కెడ ఒక్కటే. తూకం నమ్మకంగా లేకపోతే అంచనాకు విలువ ఉండదు.

అపోహ: లెక్కలు వేరు, చేతిపని వేరు.

వాస్తవం: సార్వా (ఖరీఫ్) నాట్లు పూర్తయి బోదె నిండుగా పారే రోజుల్లో మా బడి వెనక గట్టు మీదకు రండి.

ముందుగా జాగ్రత్త సంగతి. పెద్ద కాలువ దరిదాపులకు పిల్లలను తీసుకువెళ్లం. మోకాలి లోతు దాటని పంట బోదె మాత్రమే. నీరు ఎప్పుడు వదులుతారో లస్కరును (కాలువ నీటిని చూసుకునే ఉద్యోగిని) ముందురోజే అడుగుతాం. ఇద్దరు పెద్దవాళ్లు గట్టు మీద ఉంటేనే పని మొదలవుతుంది.

బోదెకు అడ్డంగా తాడు కట్టి, అడుగుకో ముడి వేస్తాం. ప్రతి ముడి దగ్గరా గుర్తులు పెట్టిన వెదురు కర్రతో లోతు చూస్తారు. ఒకసారి వచ్చిన కొలతలివి: వెడల్పు 4 అడుగులు, లోతులు వరుసగా 0, 0.8, 1.1, 0.9, 0 అడుగులు. నీటి కింద ఉన్న ఆకారం దీర్ఘచతురస్రం కాదు. రెండు చివరలా త్రిభుజాలు, మధ్యలో రెండు సమలంబ చతుర్భుజాలు. నాలుగింటి వైశాల్యం కలిపితే 2.8 చదరపు అడుగులు.

ఇక వేగం. ఒక జట్టు ఎండుటాకు వదిలింది. గాలి వీచి ఆకు నీటి కంటే ముందుకు పరుగెత్తింది, ఒకసారి పక్కకు వెళ్లి గడ్డిలో చిక్కుకుంది. మూడుసార్లూ మూడు వేగాలు. చిన్న ప్లాస్టిక్ సీసాలో సగం నీళ్లు పోసి మూత బిగిస్తే నీటిలో సగం మునిగి తేలుతుందని, దాన్ని గాలి అంతగా తోయలేదని వాళ్లే కనిపెట్టారు. 20 అడుగుల దూరానికి సగటున 16 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 1.25 అడుగులు. పైన నీరు వేగంగా, అడుగున బురద రాపిడికి నెమ్మదిగా పారుతుంది కాబట్టి 0.85తో గుణించాలి. వైశాల్యాన్ని ఆ వేగంతో గుణిస్తే మొత్తం మీద సుమారు 3 క్యూసెక్కులు, అంటే సెకనుకు 3 ఘనపుటడుగుల నీరు, తేలింది.

అక్కడే ఒక రైతు నిలబడి చూస్తున్నారు. వాళ్ల అబ్బాయి మా తొమ్మిదో తరగతి. "చదువు చెప్పమని బడికి పంపిస్తే బోదెలోకి దించారేమిటి మాస్టారూ?" అని అడిగారు. కాసేపు ఉండి చూడమన్నాను. ఆ నీరంతా ఒకే ఎకరానికి మళ్లిస్తే రెండు అంగుళాల నీరు నిలవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టమని పిల్లలకు చెప్పాను. ఎకరం 43,560 చదరపు అడుగులు. 7,260 ఘనపుటడుగుల నీరు కావాలి. సెకనుకు మూడు చొప్పున 2,420 సెకన్లు, అంటే దాదాపు 40 నిమిషాలు.

"నలభై నిమిషాలకు ఏ చేనూ నిండదు, గంట పైనే పడుతుంది" అన్నారాయన. తర్వాత ఆయనే గట్టు దిగి వచ్చి, నేల తాగే నీరు, గట్టులో పీతల బొరియల నుంచి కారిపోయే నీరు, పై చేను మడవ (గట్టులో నీటికి వదిలే గండి) నుంచి తప్పిపోయే నీరు ఒక్కొక్కటే చూపించారు. ఆ అబ్బాయి తన నోటుపుస్తకంలో "లెక్కకూ చేనుకూ తేడా" అని శీర్షిక పెట్టి, నాన్న చెప్పినవన్నీ రాసుకున్నాడు. ఆ పేజీని నేను ఫొటో తీసి దాచుకున్నాను.

వరదల కాలంలో ఈ పాఠం మళ్లీ పనికి వస్తుంది. గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక నాటికి దిగువకు పోయే నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు. వార్తల్లో ఆ అంకె వినగానే మా పిల్లలు దాన్ని మూడుతో భాగిస్తారు. మన బోదె లాంటివి మూడు లక్షల ముప్పై మూడు వేలకు పైగా ఒకేసారి పారుతున్నాయన్నమాట. 1986 ఆగస్టు వరదలో వచ్చింది దాదాపు 35 లక్షల క్యూసెక్కులని చెబితే తరగతి గది ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు చెప్పే ఆ వరద కథకు అప్పుడు వాళ్లకు ఒక కొలత దొరుకుతుంది.

అపోహ: ప్రయోగం విఫలమైతే పిల్లలు తప్పు నేర్చుకుంటారు, టీచరుకు చిన్నతనం.

వాస్తవం: 15 సెంటీమీటర్ల చతురస్రపు వంటింటి అల్యూమినియం రేకు ఇచ్చి, అంచులు పైకి మడిచి పడవ చేయమంటాం. 3 సెంటీమీటర్లు మడిస్తే అడుగు 9కి 9, ఎత్తు 3, ఘనపరిమాణం 243 ఘన సెంటీమీటర్లు. 2 మడిస్తే 242. రెండున్నర మడిస్తే 250. ఎత్తు పెంచినా తగ్గించినా పడవలో చోటు తగ్గుతుందని పిల్లలు పట్టిక వేసి కనిపెడతారు. ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము. తేలే వస్తువు తాను పక్కకు నెట్టిన నీటి బరువంత మోస్తుంది. కాబట్టి ఈ ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఆ పడవ, రేకు బరువుతో కలిపి, 250 గ్రాముల దాకా మోయాలి. రేకు బరువు గ్రాము లోపే.

అందరూ 250కి దగ్గరగా అంచనా రాస్తారు. గోలీలు ఒక్కొక్కటే వేస్తారు. 150 గ్రాముల దగ్గరే పడవ మునుగుతుంది. పిల్లల ముఖాలు చిన్నబోతాయి. నేను మాట్లాడను. ఆ నిశ్శబ్దంలో జోక్యం చేసుకోకపోవడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రెండోసారి వాళ్లు పడవ వైపు చూడడం మానేసి గోలీల వైపు చూస్తారు. గోలీలు దొర్లి ఒక పక్కకు చేరాయి, ఆ పక్క అంచు ముందుగా నీటిని తాకింది. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనూ మనుషులనూ గోదావరి దాటించే పడవ) ఎక్కిన పిల్లవాడు ఒకడు, "పంటు మీద బళ్లన్నీ ఒకే పక్కన పెట్టనివ్వరు మాస్టారూ" అన్నాడు. అడుగున ఈనెముక్కలతో గదులు కట్టి గోలీలు దొర్లకుండా చేశారు. అప్పుడు 200 దాటింది. మొదటిసారే 250 గ్రాములు మోసి ఉంటే, గరిమనాభి (బరువంతా ఒకచోట ఉన్నట్టు పనిచేసే బిందువు) గురించి ఆ రోజు ఎవరూ ఒక్క ప్రశ్న అడిగేవారు కాదు.

ఇప్పుడు, మావైపు ఉన్నవాళ్లే నమ్మే అపోహ ఒకటి: చేతులతో చేయిస్తే చాలు, పాఠం దానంతట అదే అర్థమవుతుంది.

అర్థం కాదు. సిరంజీలతో చిన్న లాకు (కాలువ నీటిని ఆపే గేటు) తలుపు ఎత్తే పని చేయించిన కొత్తలో పిల్లలు ఉత్సాహంతో ఊగిపోయారు. వారం తర్వాత పాస్కల్ నియమం అడిగితే, "సన్న సిరంజీ నొక్కితే లావుది లేస్తుంది" అన్నారు. ఒకచోట కలిగించిన పీడనం ద్రవమంతటా సమానంగా వ్యాపిస్తుందన్న సంగతి ఎవరికీ అందలేదు. లావు సిరంజీ ఎక్కువ బలంతో లేచినా తక్కువ దూరమే కదులుతుందని ఎవరూ గమనించలేదు. ఇప్పుడు రెండు సిరంజీల లోపలి వ్యాసాలు కొలిచి, వైశాల్యాల నిష్పత్తి కట్టి, ఏది ఎంత కదులుతుందో రాశాకే నొక్కనిస్తాం. పని అయ్యాక కనీసం ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవడం తప్పనిసరి. సమయం చాలకపోతే పనిలో కొంత తగ్గించండి, మాటలను తగ్గించకండి.

అపోహ: సిలబస్ పూర్తికాదు, పదో తరగతి మార్కులు పోతాయి.

వాస్తవం: మేం ఏడాదికి నాలుగు పనులకు మించి పెట్టుకోం. సైన్సు పీరియడు, లెక్కల పీరియడు పక్కపక్కన వేయించుకుంటే చాలు. వంతెన రోజున చతుర్భుజాల పాఠం నడుస్తుంది, పడవ రోజున ఉత్ప్లవనం (నీరు వస్తువును పైకి నెట్టడం) నడుస్తుంది. అవి ఎలాగూ చెప్పాల్సిన పాఠాలే. 2020 జాతీయ విద్యావిధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లోని వడ్రంగులు, కుమ్మరుల వంటి వృత్తిపనివాళ్ల దగ్గర నేర్చుకోమంటోంది.

అపోహ: అమ్మాయిలకు ఇవన్నీ ఎందుకు?

ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఒక ఏడాది వంతెన పనిలో అందరి రబ్బరు చుట్లూ నున్నటి ఈనెల మీద జారిపోయాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె దారం వాడవచ్చా అని అడిగింది. వస్తువుల జాబితాలో దారం లేదు. రబ్బరు మొత్తం వెనక్కి ఇచ్చేస్తే వాడుకోవచ్చన్నాను. ఆమె తల్లి ఇంట్లో పూలదండలు కడతారట. రెండు చుట్లు తిప్పి, మధ్య నుంచి లాగి బిగించే ఆ ముడే ప్రతి కూడలిలోనూ వేసింది. అంచనా 3 కిలోలని రాసుకుంది. బకెట్ 4 కిలోలు దాటాక వంతెన విరిగింది, కానీ ఒక్క ముడి కూడా జారలేదు. మిగిలిన జట్లు ముడి నేర్పమని చుట్టూ మూగాయి. ఆమె ముందు నోటుపుస్తకం తెరిచి, 3 పక్కన 4 వేసి, కిలో తేడా ఎందుకు వచ్చిందో రాయడానికి కూర్చుంది.