నాగుపాము గుడ్డును ఎందుకు తిప్పకూడదు?

ఎంబీఏ చదువుతున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "బ్రిటిష్ ప్రభుత్వం ఢిల్లీలో చచ్చిన నాగుపాముకు ఇంతని బహుమతి ప్రకటిస్తే, జనం ఇళ్లలో పాములను పెంచి, చంపి, డబ్బు తీసుకున్నారని మాకు పాఠం చెప్పారు. నాగుపాములను పెంచడం అంత సులువా?"

దీనికి 'కోబ్రా ఎఫెక్ట్' అన్న పేరు ప్రచారంలోకి తెచ్చినవాడు హోర్స్ట్ సీబర్ట్ అనే జర్మన్ ఆర్థికవేత్త, 2001లో. పాములను చంపినవారికి వలస ప్రభుత్వం బహుమతులు ఇచ్చిన మాట నిజం. ఢిల్లీలో ఇళ్లలో పెంచారనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. పెంపకం గురించి తెలిసినవాళ్లకు ఆ కథ మీద అనుమానం రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. చూలుతో ఉన్న ఆడపామును పట్టి తెస్తే గుడ్లు పెడుతుంది, అంతవరకు కష్టమేమీ లేదు. ఆ గుడ్డు పిల్లగా, ఆ పిల్ల పాముగా మారేదాకా సాకడమే అసలు పరీక్ష.

జత కట్టించే ఘట్టం త్వరగా దాటేస్తాను. చలికాలంలో ఆడ, మగ పాములను విడివిడిగా, కాస్త చల్లగా ఉంచి, తర్వాత ఒకచోట చేరుస్తారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నాగుపాముకు జోడీ జెర్రిపోతు అని మన ఊళ్లలో ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. ఈ రెండూ వేర్వేరు కుటుంబాలవి, వీటికి సంతానం కలగదు. పొలం గట్టు మీద పెనవేసుకుని లేచి ఆడే రెండు పాములు సాధారణంగా బలం తేల్చుకుంటున్న రెండు మగ జెర్రిపోతులు. బడిలో జీవశాస్త్రం చెప్పేవాళ్లు ఈ ఒక్క విషయం పిల్లలకు వివరిస్తే చాలు, జాతి అంటే ఏమిటో వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.

మన దేశపు నాగుపాము ఎక్కువగా ఏప్రిల్, జూలై నెలల మధ్య గుడ్లు పెడుతుంది. సాధారణంగా 12 నుంచి 30 దాకా ఉంటాయి. పెంపకందారు చేసే మొదటి పని ఏమిటో తెలుసా? పెన్సిల్ తీసుకుని ప్రతి గుడ్డు పైభాగాన ఒక చిన్న గుర్తు పెట్టడం. పిల్ల బయటికి వచ్చేదాకా ఆ గుర్తు ఆకాశం వైపే ఉండాలి. అతుక్కుపోయిన గుడ్లుంటే వాటిని బలవంతంగా విడదీయరు.

కోడి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పొదిగే పెట్ట రోజూ ఎన్నోసార్లు గుడ్లను ముక్కుతో దొర్లిస్తుంది. దొర్లించకపోతే పిండం పొరలు పెంకుకు అకాలంలో అతుక్కుని పిల్ల చెడిపోతుంది. కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకు రెండు వైపులా మెలితిరిగిన తెల్లని దారాలు కనిపిస్తాయి కదా, అవే చలాజాలు. పచ్చసొనను తెల్లసొన మధ్యలో వేలాడదీసి ఉంచేవి అవే. గుడ్డు ఎటు దొర్లినా పచ్చసొన తనంతట తాను తిరిగి, పిండం ఉన్న తేలికైన వైపును పైకి తెచ్చుకుంటుంది.

పాము గుడ్డులో ఆ దారాలు లేవు, తెల్లసొన కూడా చాలా తక్కువ. పైగా వయసులో తేడా ఉంది. కోడి పెట్టిన గుడ్డులో పిండం ఇంకా వేల కణాల పలుచని బిళ్ల మాత్రమే. పాము గుడ్డు పెట్టేసరికి లోపలి పిండానికి తల, కొట్టుకునే గుండె ఏర్పడి ఉంటాయి. పిండం గుడ్డు పైభాగానికి చేరాక కోరియాన్, అల్లాంటోయిస్ అనే రెండు పొరలు కలిసిపోయి, సన్నని రక్తనాళాల వలగా పెంకు లోపలి గోడను పట్టుకుంటాయి. పిండానికి ఊపిరితిత్తి ఆ వలే. ప్రాణవాయువు అక్కడి నుంచే లోపలికి వస్తుంది, బొగ్గుపులుసు వాయువు అక్కడి నుంచే బయటికి పోతుంది. ఆ దశలో గుడ్డును బోర్లిస్తే బరువైన పచ్చసొన పిండం మీదికి దిగుతుంది, నాళాలు చిట్లవచ్చు. తాబేలు, మొసలి గుడ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పాముల్లో కొన్ని జాతులు ఈ తిప్పుడును కొంత తట్టుకుంటాయి. అయినా తెలిసిన పెంపకందారెవరూ ఆ సాహసం చెయ్యరు.

నీటి లెక్క కూడా దీనితోనే ముడిపడి ఉంది. కోడిగుడ్డు పెంకు గట్టి సున్నం, పొదిగే కొద్దీ ఆ గుడ్డు నీరు కోల్పోయి బరువు తగ్గుతుంది. పాము గుడ్డు పెంకు తోలులా మెత్తన. అది చుట్టూ ఉన్న తేమను పీల్చుకుని ఉబ్బి బరువు పెరుగుతుంది. అందుకే తడి వర్మిక్యులైట్‌లోనో (నీటిని పట్టి ఉంచే తేలికపాటి ఖనిజం) ఇసుకలోనో సగం పూడ్చి, పైసగాన్ని గాలికి వదులుతారు. తడి చాలకపోతే గుడ్డు సొట్టపడుతుంది. పైభాగాన నీళ్లు నిలిస్తే సన్నని నీటి పొర ప్రాణవాయువును అడ్డుకుని పిండం ఊపిరాడక చనిపోతుంది. గుడ్డు కిందినుంచి తాగాలి, పైనుంచి పీల్చాలి! ఉష్ణోగ్రత 28 నుంచి 30 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఇంక్యుబేటర్‌తో మనం తంటాలు పడి సాధించే ఈ తేమను, వెచ్చదనాన్ని చెదపురుగులు కట్టిన పుట్ట ఉచితంగా ఇస్తుంది. నాగుపాము పుట్టను కట్టదు, అందులో చేరుతుంది. తల్లి గుడ్ల దగ్గరే కాపలా ఉంటుంది.

సుమారు 50 నుంచి 70 రోజులకు పిల్ల పెంకును చీల్చుకుని తల బయటపెడుతుంది. జానెడు ఉంటుంది, అప్పుడే పడగ విప్పుతుంది, విషమూ సిద్ధంగా ఉంటుంది. కడుపులో మిగిలిన పచ్చసొనతో మొదటి కుబుసం విడిచేదాకా గడుపుతుంది. ఆ తర్వాతే పెంపకందారుకు నిద్ర కరువు. అడవిలో చిన్న కప్పలు, బల్లులు తినే పిల్ల, ఎలుక పిల్లను పెడితే ముట్టదు. అప్పుడు ఎలుక పిల్లకు కప్ప వాసన పులిమి పెడతారు. నాలుకతో పట్టిన వాసనను నోటి పైకప్పులోని జాకబ్‌సన్ అవయవం కప్ప అని తేల్చితేనే నోరు తెరుస్తుంది. ఒకే పెట్టెలో ఉంచితే ఒకదాన్నొకటి మింగేస్తాయి కాబట్టి ప్రతి పిల్లకూ వేరే పెట్టె కావాలి. పాలు పోస్తే సరిపోతుందనుకునేవారికి చెప్పాలి: పాము శరీరం పాలను అరిగించుకోలేదు. దాహంతో మాడిన పాము ఏ ద్రవమైనా తాగుతుంది, అంతే.

ఇంత శ్రమ ఎవరు పడతారు? బ్యాంకాక్‌లో థాయ్ రెడ్‌క్రాస్‌కు చెందిన క్వీన్ సావోభా సంస్థ 1923లో తెరిచిన పాముల కేంద్రంలో విషం కోసం పాములను పెంచి, పిల్లలు చేయిస్తారు. మన దేశంలో చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో 1978లో మొదలైన, పాములు పట్టే ఇరుల గిరిజనుల సహకార సంఘం దారి వేరు. పట్టిన పామును మట్టికుండలో ఉంచి, కొన్ని వారాల్లో కొన్నిసార్లు విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. దేశంలో విషవిరుగుడు మందుకు వాడే విషంలో అత్యధిక భాగం ఏళ్లుగా అక్కడిదే. చిక్కు ఏమిటంటే, నాగుపాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది, తమిళనాడు పాముల విషంతో చేసిన మందు కొన్ని ఇతర ప్రాంతాల విషం మీద బలహీనంగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయే దేశంలో ఇది చిన్న విషయం కాదు. తెలుగు నేల మీది పాముల వంశాన్ని ప్రభుత్వ అనుమతితో, శాస్త్రీయంగా ఇక్కడే పెంచి విషం సేకరించే కేంద్రం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 2020లో నాగుపాము పూర్తి జన్యుపటం వెలువడింది. అందులో 139 విష జన్యువులు గుర్తించారు, వాటిలో 19 ప్రధానంగా విషగ్రంథిలోనే పనిచేసేవి. ఇప్పటి విరుగుడు మందును గుర్రాలకు విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ జన్యువులనే లక్ష్యంగా చేసుకుని గుర్రం అవసరం లేని మందు తయారయ్యే దాకా పాము, కుండ, పెన్సిల్ గుర్తు తప్పవు.

ఇంట్లో ప్రయత్నిద్దామనుకునేవారికి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా నాగుపామును పట్టడం, పెంచడం నేరం. పునాది తవ్వేటప్పుడో గడ్డివామి తీసేటప్పుడో గుడ్లు బయటపడితే వెంటనే వెనక్కి జరగండి, తల్లి దగ్గరలోనే ఉండవచ్చు. అటవీశాఖకు గానీ, హైదరాబాదులో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా గుడ్లను ఎవరూ ముట్టకుండా, దొర్లించకుండా చూడండి.